అయిదు విద్యల వీరుడు

నేడు నేను మీకు విన్నవింపబోవునది యొక క్రీడాకారుని చరిత్ర. ఆతడు రాజ్యములు గెలిచినవాడు కాడు. గ్రంథములు రచించి పేరు గన్నవాడును కాడు. ఐరోపా ఖండమున హంగేరీ యను చిన్న దేశమున నొక మతాచార్యుని యింట బుట్టి, ఒకదానితో నొకటికి పొత్తులేని యయిదు విద్యలు నేర్చి, ఆ యయిదింటిని గలిపి చూచినచో లోకమున దనకు సాటి లేడనిపించుకొన్నవాడు. ఆతని పేరు బాల్త్సో ఆంద్రాష్. హంగేరీవారు మనవలెనే యింటిపేరు ముందు చెప్పి పెట్టిన పేరు పిదప జెప్పుదురు. కావున బాల్త్సో యనునది యింటిపేరు. ఆంద్రాష్ తల్లిదండ్రులు పెట్టిన పేరు.

"ఆటలాడువాని చరిత్ర మాకేల?" యని పెద్దలలో గొంద రడుగవచ్చును. ఆ ప్రశ్న సమంజసమే. కాని గెలుపనగా నేమి, ఓటమి యనగా నేమి, గెలుపును ఎట్లు సంపాదించిన నది నిలుచును, ఎట్లు సంపాదించిన నది కూలును అను సంగతి తెలిసికొనుటకు ఈ బాల్త్సో జీవితమును మించిన నిదర్శన మరుదు. పిల్లలకు మంచిచెడ్డలు చెప్పవలసిన భారము పెద్దలమగు మనయందే యున్నది గావున, ఈ కథ మనకు బనికివచ్చుననియే నా నమ్మకము.

ముందుగా నీ క్రీడ యెట్టిదో చెప్పవలెను. పూర్వము గ్రీసు దేశమున ఒలింపియా యను పుణ్యక్షేత్రమున నాలుగేండ్ల కొకసారి క్రీడోత్సవము జరుగుచుండెను. క్రీస్తునకు పూర్వము 708వ సంవత్సరమున అందులో పంచక్రీడ ప్రవేశపెట్టబడెనని చెప్పుదురు. పరుగు, దూకుడు, చక్రము విసరుట, ఈటె విసరుట, కుస్తీ అను నయిదును ఒక్కడే ప్రదర్శింపవలెను. ఆ యుత్సవములు కాలక్రమమున నంతరించెను. పందొమ్మిదవ శతాబ్ది చివర ఫ్రాన్సు దేశస్థుడగు పియేర్ ద కూబెర్తాఁ అను ప్రభువు వానిని పునరుద్ధరించెను. ఆయన ప్రేరణచేతనే 1912వ సంవత్సరమున స్వీడను రాజధాని యగు స్టాక్‌హోమున ఆధునిక పంచక్రీడ యనునది మొదలయ్యెను.

దీనికి నేపథ్యముగా నొక కథ చెప్పుదురు. ఒక సైనికుడు సేనాధిపతి పంపిన వార్తను గొని శత్రుమండలము గుండ పోవలెను. చేతికందిన గుర్రము నెక్కును. అది తన గుర్రము కాదు. గుర్రము పడిపోయిన కత్తితో దారి చేసికొనును. తుపాకి పేల్చి తప్పించుకొనును. అడ్డమువచ్చిన నదిని ఈదును. తుదకు కాలినడకన పరుగెత్తి వార్త నందజేయును. గుర్రపుస్వారి, కత్తిసాము, పిస్తోలు గురి, ఈత, పరుగు అను నయిదంగము లిట్లేర్పడినవి.

సైనికుని కథనుండి పుట్టినది గావున చాలకాల మిది సైనికాధికారుల సొత్తుగానే యుండెను. 1912లో అయిదవ స్థానము పొందిన అమెరికా యువకుడు జార్జి పాటన్ రెండవ ప్రపంచ యుద్ధమున మహాసేనానిగా బ్రసిద్ధి కెక్కెను. 1912 మొదలు 1932 వరకు జరిగిన ప్రతి ఒలింపిక్సునందును స్వీడనువారే విజేతలైరి. 1952లో హెల్సింకియందు గెలిచిన లార్స్ హాల్ అనువాడు కూడ స్వీడను దేశీయుడే. కాని సైనికుడు కాడు, వడ్రంగి. ఆతడు 1956లో మెల్బోర్నునందు మరల గెలిచెను. ఈ క్రీడలో రెండుమారులు వ్యక్తిగత స్వర్ణపతకము నందిన మొదటివాడు ఒక వడ్రంగి యగుట గమనింపదగిన విషయము. విద్య కులమునకుగాని హోదాకుగాని కట్టుబడి యుండదు.

ఇక బాల్త్సో కాలమున నీ క్రీడ యెట్లు జరుగుచుండెనో వినుడు. దినమున కొక విద్య చొప్పున అయిదు దినములు సాగుచుండెను. ప్రతి విద్యకును ఒక ప్రమాణ మేర్పరచి, దానిని చేరినవానికి వేయి గుణములు వేయుదురు. ప్రమాణమును మించిన హెచ్చు, తగ్గిన తగ్గు. అయిదు దినముల గుణములు కూడి యెవనికి హెచ్చు వచ్చునో వాడు విజేత.

నేను చిరకాలము బడిపంతులుగా నుండి పిల్లల పరీక్షపత్రములు దిద్దినవాడను. గణితమున నూటికి నూరు తెచ్చుకొని భాషలో మునిగిన పిల్లవానిని జూచితిని. పద్యములన్నియు కంఠస్థము చేసి కూడికలో తడబడిన వానిని జూచితిని. వాని కన్నింటను సమానముగ శ్రమించుట ఎంత కష్టమో నాకు దెలియును. ఈ పంచక్రీడ యట్టి పరీక్షయే. ఈతలో మీనమువంటివాడైనను గుర్రముమీద నిలువలేనివాడు నెగ్గడు. అంతకంటె జిత్రమేమన, ఈ విద్యలు ఒకదానికొకటి విరోధులు. పరుగునకు సన్నని తేలికైన దేహము కావలెను. ఈతకు బలిసిన భుజములు కావలెను. కత్తిసామునకు ఉద్రేకము, మెరుపువంటి చురుకు కావలెను. గురికి చలింపని చేయి, శాంతించిన గుండె కావలెను. నిన్న పగలంతయు కత్తి దూసి పోరాడినవాడు నేడు ధ్యానమున నున్న యోగివలె నిలిచి పిస్తోలు పేల్చవలెను.

గుర్రము సంగతి మరియు విశేషము. ఎవని గుర్రము వాడు తెచ్చుకొనుట లేదు. నిర్వాహకులు గుర్రముల నేర్పాటుచేసి చీట్లు వేయుదురు. చీటిలో వచ్చిన గుర్రమును కొలది నిమిషములు మాత్రము మచ్చిక చేసికొని, కంచెలు, గోడలు, నీటికాలువలు దాటింపవలెను. భారతకథలో నలునకు అశ్వహృదయము దెలియును. ఋతుపర్ణునకు అక్షహృదయము, అనగా పాచికల మర్మము దెలియును. ఈ క్రీడలో నా రెండును గలిసి వచ్చును. గుర్రము చీటివలన వచ్చును. దాని మనసు గ్రహించుట మాత్రము స్వారుని నేర్పువలన జరుగును. మంచి గుర్రము వచ్చుట అదృష్టము. చెడ్డ గుర్రము వచ్చినప్పుడు కోపింపక, దాని భయమును పోగొట్టి, నాలుగడుగులైనను సరిగా నడిపించుట విద్య.

కత్తిసాములో పోటీదారులందరును ఒక్కొక్కరితో నొక్కొక్కరు తలపడవలెను. ఒక్కొక్క ద్వంద్వమునకు ఒక్క పోటే ప్రమాణము. ముందుగా నెవని కత్తిమొన తగులునో వాడు గెలిచెను. పదుల కొలది ద్వంద్వములు ఉదయము మొదలు చీకటిపడువరకు సాగుచుండును. కత్తిమొనయం దొక చిన్న మీట యుండును. అది ప్రత్యర్థి దేహమున కొత్తుకొన్న వెంటనే విద్యుత్తంత్రి ద్వారమున దీపము వెలుగును. ఈ దీపమును జ్ఞాపకమున నుంచుకొనుడు. కథలో దానితో మనకు మరల పనిపడును.

పిస్తోలు గురిలో ఇరువది గుండ్లు పేల్చవలెను. ఇరువదియైదు మీటర్ల దూరమున మనుష్యాకారముగల ఫలకము పక్కకు తిరిగియుండి, మూడు క్షణములు మాత్ర మెదుటికి తిరిగి మరల పక్కకు పోవును. ఆ మూడు క్షణములలోనే చేయెత్తి పేల్చవలెను. పిదప మూడువందల మీటర్ల యీత. అయిదవనాడు మిట్టపల్లములుగల మైదానమున నాలుగువేల మీటర్ల పరుగు. ఆ కాలమున పరుగునకు అందరిని ఒక్కసారి వదలక, కొంత వ్యవధి నిచ్చి యొక్కొక్కనినే వదలెడివారు. కావున పక్కన ప్రత్యర్థి కనబడడు. ముందెవడో వెనుకెవడో తెలియదు. కాలముతో, తనతో మాత్రమే పందెము.

ఇట్టి విద్యకు హంగేరీ తగిన భూమి. మాజ్యారులను నా జాతివారు తొమ్మిదవ శతాబ్ది చివర తూర్పునుండి గుర్రములమీద వచ్చి డాన్యూబు నదీతీర మైదానమున నివసించిరి. తేలిక గుర్రపుదళమునకు ఐరోపాలో వాడుకలో నున్న హుస్సారు అను పేరు వారి భాషనుండి వచ్చినదే. కత్తిసాములో వారు పేరుమోసినవారు. కాని ఇరువదవ శతాబ్దమున నా దేశము పడిన కష్టములు చెప్పనలవి కావు. మొదటి ప్రపంచ యుద్ధానంతరము 1920లో జరిగిన సంధిచే దేశమున మూడింట రెండు వంతుల నేల పరుల పాలయ్యెను. రెండవ యుద్ధమున మరల ఓడెను. పిదప సోవియటు రష్యా ప్రాబల్యము క్రిందికి వచ్చెను. 1956 అక్టోబరులో ప్రజలు తిరుగబడిరి. నవంబరు మొదటివారమున సోవియటు టాంకులు బుడాపెస్టు వీధులలో ప్రవేశించి యా తిరుగుబాటు నణచినవి. ప్రజల పక్షమున నిలిచిన ప్రధాని ఇమ్రె నాజ్‌ను 1958లో ఉరితీసిరి.

బాల్త్సో 1938 ఆగష్టు 16వ తేదీన కొందొరోష్ అను నూర జన్మించెను. తండ్రి లూథరు మతశాఖకు జెందిన ఆచార్యుడు. మతమును తుడిచిపెట్టదలచిన ప్రభుత్వము క్రింద మతాచార్యుని బిడ్డగా బెరుగుట యెట్టిదో మీరే యూహింపవచ్చును. తిరుగుబాటు చెలరేగిన నాటికి ఆతనికి పదునెనిమిదేండ్లు. దేశము తలవంచుకొని యున్న యా దినములలోనే యాతడీ యయిదు విద్యల సాధనలో బ్రవేశించెను.

1960లో రోమునగరమున ఒలింపిక్సు జరిగెను. ఇరువదిరెండేండ్ల బాల్త్సో తొలిసారి యచటికి బోయెను. హంగేరీవారే ప్రథమ ద్వితీయ స్థానములు గైకొనిరి. ప్రథముడు నేమెత్ ఫెరెంత్స్. ద్వితీయుని పేరు వినుడు: నాజ్ ఇమ్రె! రెండేండ్ల క్రిందట ఉరికంబ మెక్కిన ప్రధాని పేరే యీ క్రీడాకారునికి నుండెను. ఎట్టి బంధుత్వమును లేకున్నను, నోరెత్తి పలుకుటకు జంకెడి యా పేరును అంతర్జాతీయ రంగమున బిగ్గరగా బిలిచినప్పుడు హంగేరీవారి గుండెలలో నేమి కదలియుండునో చరిత్రకారుడు వ్రాయజాలడు. బాల్త్సోకు నాలుగవ స్థానము వచ్చెను. ముగ్గురి గుణములు గూర్చి నిర్ణయించు జట్టు పోటీలో హంగేరీకి స్వర్ణపతకము లభించెను. కాని నాలుగవవానికి మెడలో వ్యక్తిగత పతకము పడదు.

1963లో బాల్త్సో ప్రపంచ విజేత యయ్యెను. మరుసటి యేట టోక్యో ఒలింపిక్సు. ప్రపంచ విజేతగా నున్నవాడు తప్పక వెళ్లునని యెవరైన దలంతురు. కాని యాతడా పోటీలో లేడు. ఆతని దేశస్థుడే యగు తోరోక్ ఫెరెంత్స్ అచట స్వర్ణపతకమును గెలిచెను. ఇరువదియారేండ్ల వయసున, బలము పొంగుచున్న కాలమున, నాలుగేండ్ల కొకసారి వచ్చు అవకాశము చేజారెను. వేరొకడైన విద్యనే విడిచిపెట్టి యుండును. బాల్త్సో 1965లో మరల ప్రపంచ విజేత యయ్యెను, 1966లో మరల, 1967లో మరల. ఆ కాలమున ఒలింపిక్సు జరిగిన యేండ్లలో ప్రపంచ పోటీలు జరుగకుండెను గావున, జరిగిన ప్రతి పోటీయందును వరుసగా నాతడే విజేత యన్నమాట.

ఇట్టివాడు 1968లో మెక్సికో ఒలింపిక్సునకు బోయినప్పుడు స్వర్ణపతకము అతనిదే యని యెల్లరును దలంచిరి. ఆ నగరము సముద్రమట్టమునకు రెండువేల రెండువందల మీటర్లకు పైబడిన యెత్తున నున్నది. గాలి పలుచన. పల్లపుభూములవారికి నాలుగడుగులు పరుగిడిన నాయాసము వచ్చును. అయిదు దినములు ముగిసి లెక్కలు కట్టినప్పుడు స్వీడను దేశీయుడగు బ్యోర్న్ ఫెర్మ్‌కు 4964 గుణములు, బాల్త్సోకు 4953. తేడా పదునొకటి!

ఈ పదునొకటిని గూర్చి కొంచె మాలోచింతము. దాదాపు అయిదువేలలో పదునొకటి. ఏ విద్యలో నే క్షణమున జారినదో యెవడు చెప్పగలడు? ఇరువది గుండ్లలో నొక్కటి వెంట్రుకవాసి పక్కకు పోకున్న, పదుల కొలది ద్వంద్వములలో నొక్క పోటు ముందుగా దగిలియున్న, గుర్రము ఒక్క కంచెను మరికొంచెము మేలుగా దాటియున్న చాలును. ఇట్టి యోటమి పెద్ద యోటమికంటె బాధాకరము. దూరముగా నోడినవాడు "నాకు శక్తి చాలదు" అని మనసు గుదుర్చుకొనును. వెంట్రుకవాసిలో నోడినవానికి నిద్ర పట్టదు. జట్టు పోటీలో హంగేరీ మరల స్వర్ణపతకము నందెను. బాల్త్సోకు స్వయముగా దక్కినది రజతము.

ఆ మెక్సికోలోనే యొక చిన్న సంగతి జరిగెను. స్వీడను జట్టులో హన్స్ గున్నార్ లిల్యెన్‌వాల్ అనువాడు పిస్తోలు గురికి ముందు చేయి వణకకుండుటకై బీరు త్రాగెను. పరీక్షలో నది బయటపడెను. నిషిద్ధ పదార్థము సేవించిన నేరమున ఒలింపిక్సు చరిత్రలో బహిష్కరింపబడిన మొట్టమొదటివాడు వాడే. స్వీడను జట్టు తనకు వచ్చిన కాంస్యపతకమును పోగొట్టుకొనెను. అది ఫ్రాన్సువారికి జెందెను. ఫెర్మ్ గెలుపున కిందుచే నే మచ్చయు రాలేదు. ఒక్కని తొందరపాటు తక్కిన యిద్దరు సహచరుల శ్రమను గూడ మ్రింగివేయునని యిందువలన దెలియుచున్నది. చేయి నిలుచుటకు అడ్డదారి లేదు. అభ్యాస మొక్కటే దారి.

ఇప్పుడు బాల్త్సోకు ముప్పదియేండ్లు. మూడు ఒలింపిక్సుల కాలము గడచినను వ్యక్తిగత స్వర్ణము దక్కలేదు. మరుసటి సంవత్సరము 1969లో ప్రపంచ పోటీలు ఆతని దేశ రాజధాని యగు బుడాపెస్టునందే జరిగెను. బాల్త్సో గెలిచెను. అది యయిదవ ప్రపంచ విజయము. పిదప 1970, 1971 సంవత్సరములలో కిరీటము ఇతరుల పాలయ్యెను. 1971లో దానిని గెలిచినవాడు సోవియటు సైనికాధికారి బోరిస్ ఒనిష్చెంకో. ఆతడు బాల్త్సోకంటె కొంచెము పెద్దవాడు, కత్తిసాములో ఘనుడు. కిరీటము పోయినవాడు తప్పుకొని యితరులకు దారి యిచ్చుట లోకరీతి గదా!

బాల్త్సో తప్పుకొనలేదు. 1972లో మ్యూనికు ఒలింపిక్సు ఆగష్టు చివర నారంభమయ్యెను. ఆ నెలలోనే యాతనికి ముప్పదినాలుగేండ్లు నిండినవి. అయిదు దినములు అయిదు విద్యలు సాగెను. చీటిలో వచ్చిన గుర్రము నెక్కెను. పగలంతయు కత్తి పట్టెను. మూడేసి క్షణములకు చేయెత్తి పిస్తోలు పేల్చెను. ఈదెను. కడపటి దినమున నాలుగువేల మీటర్లు పరుగెత్తెను. లెక్కలు కట్టిరి. బాల్త్సోకు 5412 గుణములు. రెండవవాడు ఒనిష్చెంకోకు 5335. మూడవవాడు సోవియటు దేశీయుడే యగు పావెల్ లెద్న్యోవ్; ఆతనికి 5328. పండ్రెండేండ్ల క్రిందట రోములో నాలుగవవాడుగా నిలిచినవాడు ప్రథముడయ్యెను. పదునొకటితో నోడినవాడు డెబ్బదియేడుతో గెలిచెను. జట్టు పోటీలో మాత్రము సోవియటువారు గెలిచిరి. హంగేరీ ద్వితీయ మయ్యెను.

ఆ మరునాడు బుడాపెస్టులో నెంత సంబరము జరిగినదో నేను వర్ణింపబోను. ఒక్క మాట చెప్పెదను. టాంకులకు తలవంచిన దేశమువాడు, ఆ టాంకులు పంపిన దేశపు మేటివీరు లిద్దరికంటె నెత్తున నిలిచెను. అందుకు కత్తిని ద్వేషముతో దూయనక్కరలేకపోయెను. పన్నెండేండ్ల యోర్పు, అయిదు విద్యల యభ్యాసము చాలినవి.

ఇక నా దీపము కథ. మ్యూనికులో రెండవ స్థానమున నిలిచిన ఒనిష్చెంకో నాలుగేండ్ల పిదప 1976లో మోంట్రియాలు ఒలింపిక్సునకు వచ్చెను. కత్తిసాము నాడు బ్రిటిషు జట్టుతో తలపడుచుండగా, అతని కత్తిమొన ప్రత్యర్థిని తాకకున్నను దీపము వెలుగుచున్నదని బ్రిటిషువారు గమనించిరి. వారి జట్టులో పెద్దవాడగు జిమ్ ఫాక్స్ అభ్యంతరము చెప్పెను. కత్తిని పుచ్చుకొని పరీక్షించిరి. పిడిలో రహస్యముగా నొక యేర్పాటు చేయబడియుండెను. దానిని చేతితో నొక్కిన జాలును, మొన గాలిలో నున్నను దీపము వెలుగును! ఒనిష్చెంకోను బహిష్కరించి యింటికి బంపిరి. సోవియటు జట్టు పోటీనుండియే తొలగిపోయెను. జట్టు స్వర్ణపతకము బ్రిటనువారికి లభించెను.

మహాశయులారా! ఒనిష్చెంకో నేర్పు లేనివాడు కాడు. ప్రపంచ విజేత, కత్తి పట్టిన మేటి. మీట లేకయే పెక్కుమందిని గెలువగలవాడు. అట్టివాడు మీట పెట్టుకొనుట యెందుకు? పదునొకటి గుణములతో నోడిన బాల్త్సో నాలుగేండ్లు మరల సాధన చేసెను. డెబ్బదియేడుతో నోడిన ఒనిష్చెంకో కత్తి పిడిలో తీగ నమర్చెను. ఓటమి యిద్దరికిని వచ్చినదే. దానిని భరించిన తీరులోనే భేదము. నేడు ఒనిష్చెంకో పేరు చెప్పిన నాతడు న్యాయముగా గెలిచిన పతకము లెవ్వరికిని జ్ఞాపకము రావు. ఆ మీట యొక్కటియే జ్ఞాపకము వచ్చును. అసత్యము రాబోవు గెలుపునే కాదు, గడచిన గెలుపును గూడ దినివేయును.

మ్యూనికు పిదప బాల్త్సో పోటీలు మానెను. ఆ మ్యూనికునందే హంగేరీ బాలికల జిమ్నాస్టిక్సు జట్టులో నుండి కాంస్యపతకము పొందిన చాసార్ మోనికాను వివాహమాడెను. వారికి పండ్రెండుగురు సంతానము. దేశమున నింత పేరుగన్నవాడైనను, క్రీడలను పాలించు పెద్దలతో నాతనికి పొసగలేదు. తన విశ్వాసమును, తన మనసులోని మాటను దాచుకొనుట యాతని స్వభావము కాదు. 1967లో కాన్ చిత్రోత్సవమున ఉత్తమ దర్శకుడుగా గౌరవము పొందిన కోషా ఫెరెంత్స్ అను చలనచిత్ర దర్శకుడు ఈతని జీవితమును గూర్చి "కుల్దెతేష్" అను చిత్రమును దీసెను. ఆ మాటకు "నియోగము" అని యర్థము, అనగా జీవితమున నెరవేర్పవలసిన పని. 1977లో వెలువడిన యా చిత్రమున నటులు లేరు. బాల్త్సోయే యుండి తన బ్రదుకును గూర్చి నిర్భయముగా మాటలాడెను. నోరు మూసికొనుట యలవాటైన దేశమున నొక్కడు తెరమీద నిలిచి మనసులోని మాట పలుకుట ప్రజల కపురూపముగా దోచెను. 1989లో నాటి పాలన మారినది. 2004లో ప్రభుత్వ మాతనికి "జాతి క్రీడాకారుడు" అను బిరుద మొసగి గౌరవించెను. స్వర్ణపతకమునకు పండ్రెండేండ్లు వేచినవానికి, దేశ మిచ్చు నా గౌరవమునకై మరి ముప్పదిరెండేండ్లు పట్టెను.

ఆ క్రీడయు మారినది. 1996 మొదలు అయిదు దినముల పోటీ ఒక్క దినమున నిమిడిపోయెను. 2000లో సిడ్నీయందు స్త్రీలకును ప్రవేశము గలిగెను. మొదటి విజేత బ్రిటను వైద్యురాలు స్టెఫనీ కుక్. పిస్తోలు గుండ్లకు బదులు వెలుగుకిరణము వచ్చెను. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సునందు, చీటిలో వచ్చిన గుర్రము మాట వినక మొరాయించుటయు, స్వారి చేయు జర్మను యువతి కంటనీరు పెట్టుకొనుటయు, శిక్షకురాలు గుర్రమును గ్రుద్దుటయు లోకమంతయు జూచెను. మూగజీవమును హింసించుట తగదని గగ్గోలు పుట్టెను. తుదకు 2024 పారిసు ఒలింపిక్సు తరువాత గుర్రపుస్వారిని తొలగించి, దానికి బదులు అడ్డంకులను దాటు పందెమును జేర్చుటకు నిశ్చయించిరి. గుర్రము పాల్గొన్న కడపటి యా పోటీలో స్త్రీల స్వర్ణపతకమును గెలిచినది హంగేరీ యువతియే. ఆమె పేరు గుయాష్ మిషెల్.

ఈ మార్పు మంచిదా చెడ్డదా యని నన్నడిగిన, గుర్రమునకు మేలు జరిగినదని సంతోషింతును. మనుష్యుని గెలుపుకొరకు నోరులేని జంతువు దెబ్బలు తినుట ధర్మము కాదు. అయినను ఒక విచారము నాకు మిగిలియున్నది. తనది కాని గుర్రమును, తా నెన్నడు చూడని గుర్రమును, కొలది నిమిషములలో మచ్చిక చేసికొని "దీనితోనే నా పని నెరవేర్తును" అని బయలుదేరుట గొప్ప శిక్షణము. మన బ్రదుకులో మన కోరిన గుర్రము దొరకునా? పుట్టిన కాలమును మనము కోరుకొనలేము. పొలమునకు వచ్చు వానను కోరుకొనలేము. చీటిలో వచ్చినదానితోనే సేద్యము సాగింపవలెను. బాల్త్సోకు చీటిలో వచ్చినది యోడిపోయిన దేశము, అనుమానముతో జూడబడు మతాచార్యుని యిల్లు. ఆ గుర్రముతోనే యాతడు కంచెలు దాటెను.

మన గ్రామములలో నొకప్పుడు గరిడీ లుండెను. కఱ్ఱసాము, కత్తిసాము, కుస్తీ నేర్పు గురువు లుండెడివారు. గరిడీలో బ్రవేశించు శిష్యుడు మొదట మట్టికి మ్రొక్కి, పిదప గురువునకు మ్రొక్కి, ఎదుటివానితో కలబడుటకు ముందు వానికి గూడ నమస్కరించెడివాడు. దెబ్బ తగిలినప్పుడు "తగిలినది" యని తానే యొప్పుకొనెడివాడు. దీపము వెలుగ నక్కరలేదు. ఆ యొప్పుకొనుట నేర్పుటయే విద్యలోని మొదటి పాఠమని నే ననుకొందును. నేటి బాలురు బంతియాట లాడుచున్నారు, పరుగులు దీయుచున్నారు, సంతోషమే. పందెమున గెలిచి వచ్చినవానిని వీధిలో నూరేగించుచున్నాము, అదియు సంతోషమే. కాని పదునొకటి గుణములతో నోడి తలవంచుకొని యింటికి వచ్చిన బాలునితో మన మేమి మాటలాడుచున్నాము? పెద్దలు పలుకు నా మొదటి మాటలోనే వాని భవిష్య మున్నది. "ఎట్లైన గెలిచి రావలసినది" అన్నచో, మన మెరుగకయే వాని చేతికి మీటగల కత్తి నిచ్చినవార మగుదుము. "మంచిది నాయనా, రేపు మరల మైదానమునకు బొమ్ము" అన్నచో, అట్టి మాటనుండియే యెన్నడో యొక బాల్త్సో పుట్టును.